పన్నెండో మోత

మేట్ సర్టిఫికెట్ చేతికొచ్చి, రేపో ఎల్లుండో క్వారీలో అడుగుపెట్టబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపురాయి క్వారీల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి మొన్నామధ్య రిటైరయ్యాను. మేట్‌గా చేరి ఫోర్‌మన్‌గా దిగాను. ఈ రెండు ఉద్యోగాలకీ నాకు కనిపించిన తేడా ఏమిటంటే, ఫోర్‌మన్ ప్లాస్టిక్ కుర్చీకి చేతులుంటాయి. ప్రమోషన్ల సంగతి ఇంతటితో సరి.

పెళ్లిచూపుల్లో మా మామగారు మేట్ అంటే ఏమిటని అడిగారు. క్వారీలో ఎవరు ఏ తప్పు చేసినా కింద సంతకం నాదుంటుందండీ అని చెప్పాను. అదేదో పెద్ద హోదా అనుకుని ఆయన పిల్లనిచ్చారు. ఆ పని గురించి అంతకన్నా సూటిగా నేను మరెప్పుడూ చెప్పలేదు.

రాళ్ల గురించీ, పేలుడు మందు గురించీ మీకు ట్రైనింగులో చెబుతారు. పక్కన నిలబడే మనిషి గురించి ఎవరూ చెప్పరు. నాకు తెలిసినంతలో క్వారీలో మనుషుల మీదికి వచ్చేవి రాళ్లకన్నా మొహమాటాలే ఎక్కువ. అందుకని ఒక్క స్నేహం గురించి చెబుతాను.

లెక్కపెట్టే పద్ధతి

మేం చేసేటప్పటి పని ఇలా ఉండేది. డ్రిల్లర్లు రాతిలో వరసగా బెజ్జాలు వేస్తారు. బ్లాస్టర్ వాటిలో మందు కూరి, ఒక్కోదానికి ఒక్కో పొడవు వత్తి పెడతాడు. మధ్యాహ్నం అన్నాల వేళకి అందరూ గుంతలోంచి పైకొచ్చేశాక సైరన్ మోగుతుంది. దారి మీద ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. వత్తులు అంటిస్తారు. పొడవులు వేరు కాబట్టి అన్నీ ఒక్కసారి పేలవు. ఒకదాని తర్వాత ఒకటి పేలతాయి. పన్నెండు బెజ్జాలైతే పన్నెండు మోతలు వినపడాలి.

పదకొండే వినపడ్డాయంటే లోపల ఒకటి ఇంకా బతికే ఉందని అర్థం. అరగంట దాకా ఎవరూ దిగకూడదు. ఆ తర్వాత కూడా ముందు బ్లాస్టరూ మేటూ మాత్రమే దిగి వెతకాలి. డ్రిల్లర్ ఆ సంగతి తెలియకుండా దిగి, పేలని బెజ్జం పక్కన డ్రిల్లు ఆనించాడంటే ఇంక వెతకడానికి ఏమీ మిగలదు.

అందుకే మోతలు ఇద్దరు లెక్కపెట్టాలి. బ్లాస్టర్ ఒకడు, మేట్ ఒకడు. నేను చేరినప్పుడు నరసింహంగారని ముసలి మేనేజరు ఉండేవారు. ఆయన మమ్మల్ని గుంతకి చెరోవైపు, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా నిలబెట్టేవారు. ఎడమ జేబులో గులకరాళ్లు వేసుకోవాలి. ఒక్కో మోతకి ఒక్కో రాయి కుడి జేబులోకి మార్చాలి. అయిపోయాక ఒక్క మాట మాట్లాడుకోకుండా ఎవరి అంకె వాళ్లు చీటీ మీద రాసి సంతకం పెట్టి ఆయన చేతికివ్వాలి. రెండు చీటీలూ చూశాకే ఆయన విజిల్ వేసేవారు.

నేను నరసరావుపేటలో లెక్కలు మెయిన్‌గా డిగ్రీ చదివినవాణ్ణి. పన్నెండు దాకా లెక్కపెట్టడానికి జేబులో రాళ్లు వేసుకోమంటే యూనివర్సిటీకే అవమానం అనిపించింది. ఆ మాటే ఒకసారి ఆయనతో అన్నాను.

నరసింహంగారు నా మొహంలోకి చూసి, "లెక్క రాదని కాదయ్యా. పక్కోడి నోరు చూడకుండా ఉంటావని," అన్నారు.

నాకు అర్థం కాలేదు. అర్థం కావడానికి ఏడేళ్లు పట్టింది.

కోటేశ్వరరావు

బ్లాస్టర్ పేరు కోటేశ్వరరావు. నాకన్నా అయిదారేళ్లు పెద్ద. తెల్ల చొక్కా వేసుకుని క్వారీకొచ్చి, సాయంత్రం అదే తెల్లదనంతో వెళ్లగలిగిన మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను.

చేరిన మూడో వారంలో నేనొక తప్పు చేశాను. దారి మీద జెండా మనిషిని పెట్టడం మర్చిపోయాను. సైరన్ మోగింది, వత్తులు అంటుకున్నాయి, అప్పుడు మిరపకాయ కోతకు వెళ్తున్న ఆడవాళ్ల ఆటో ఒకటి నింపాదిగా వచ్చింది. బుర్రంత రాయి ఆటోకి రెండు గజాల ముందు పడింది. వాళ్లు దిగి నన్ను తిట్టిన తిట్లలో సగం నాకు డిగ్రీలో చెప్పలేదు.

నరసింహంగారు పిలిచి ఎవరి పొరపాటని అడిగారు. నేను నోరు తెరిచేలోపు కోటేశ్వరరావు ముందుకొచ్చి, జెండా మనిషిని మందు మొయ్యడానికి తనే పిలిచానని చెప్పాడు. ఆయన మా ఇద్దర్నీ కాసేపు మార్చి మార్చి చూసి, అతన్ని చెడామడా తిట్టి పంపేశారు.

తర్వాత టీ కొట్టు దగ్గర ఎందుకలా చెప్పావని అడిగాను.

"నాకైతే నాలుగు తిట్లతో పోద్ది. నువ్వు కొత్తోడివి, నీకైతే ఉద్యోగమే పోద్ది. ఏందిలే బావా," అన్నాడు.

అప్పటిదాకా నాకోసం ఎవరూ అబద్ధం ఆడలేదు. అనుభవం బాగానే ఉంది. ఆ రోజు నుంచి నేను అతనికి బావనైపోయాను.

రెండేళ్లకి మా ఆవిడ కాన్పు కష్టమైతే, ఎక్కడో కారు పట్టుకొచ్చి నరసరావుపేట ఆసుపత్రికి చేర్చింది అతనే. రక్తం కావాలంటే చొక్కా చెయ్యి మడిచింది కూడా అతనే. ఇది దాచిపెట్టి మిగతాది చెప్పడం న్యాయం కాదు. చెడ్డవాడితో స్నేహం చేసి చెడిపోయానని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కాకపోతే అతను నాకు చేసిన మంచిలో ఒక్కటి కూడా దొంగది కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఒకే షెల్టర్

నరసింహంగారు రిటైరయ్యారు. కొత్తగా వచ్చిన మేనేజరుకి క్వారీ పని పెద్దగా తెలియదు గానీ వాచీ చూడటం బాగా తెలుసు. బయట లారీలు ఎదురుచూస్తుంటే ఆయనకి మెడ మీద దద్దుర్లు వచ్చేవి.

ఒకరోజు కోటేశ్వరరావు నవ్వుతూ, "మొగుడూ పెళ్లాం అలిగినట్టు ఆ కొసన నువ్వు, ఈ కొసన నేను ఏంది బావా? ఎండకి మాడిపోతన్నాం. రా, ఇట్టా వచ్చి కూర్చో," అన్నాడు. ఇనుప రేకుల షెల్టర్ ఒక్కటే నీడగా ఉండేది. వెళ్లి కూర్చున్నాను.

పక్కపక్కన కూర్చున్నాక రాళ్లెందుకు? అతను పైకి లెక్కపెట్టేవాడు, నేను తలూపేవాణ్ణి. కొన్నాళ్లకి రెండు చీటీలూ తనే రాసి, ఒకదాని మీద నా సంతకం తీసుకునేవాడు. కొత్త మేనేజరు చీటీలు అడగడు కాబట్టి అవి అతని సంచిలోనే ఉండిపోయేవి. ఈ మార్పుల్లో ఏ ఒక్కటీ ఒక పూటలో జరగలేదు. ఒక్కొక్క దానికీ ఎండో, వానో, తలనొప్పో ఏదో ఒక మంచి కారణం ఉండేది.

ఈలోపు ఇంకొకటి జరిగింది. మా డ్రిల్లర్లలో ఏసోబు అని ఒకతను ఉండేవాడు. కారంపూడి వైపు మనిషి, తక్కువ మాట్లాడతాడు, రాయిని చేత్తో తట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు. ఏసోబు నన్ను పుస్తకాల మేట్ అని వెక్కిరిస్తున్నాడని కోటేశ్వరరావు అప్పుడప్పుడూ నా చెవిన వేసేవాడు. నేను ఏసోబుతో ముభావంగా ఉండటం మొదలుపెట్టాను. ఏసోబు తాగి పనిలోకొస్తున్నాడని నేను అన్నట్టుగా కోటేశ్వరరావు అతనికి చెబుతున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఏసోబు నన్ను వెక్కిరించనూ లేదు, నేను ఆ మాట అననూ లేదు. ఇద్దరి మధ్యా మాటలు లేకుండా పోయాయి. ఇంక నాకు ఏ సంగతైనా తెలియాలంటే కోటేశ్వరరావు ద్వారానే తెలియాలి.

ఒకరోజు మోతలు పదకొండే వినపడ్డాయి. నాకు స్పష్టంగా తెలుసు. అతనికీ తెలుసు, ఎందుకంటే పదకొండు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత, "చివరి రెండూ కలిసి పోయినై," అన్నాడు.

ఈ మాట మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఒక్కోసారి నిజంగానే రెండు కలిసి పేలతాయి. ఎప్పుడో ఒకప్పుడు నిజమయ్యే అబద్ధం కన్నా గట్టి అబద్ధం ఉండదు. అరగంట ఆగలేదు. జనం దిగారు. ఏమీ కాలేదు. సాయంత్రం రాళ్ల మధ్య పేలని మందు తూటా ఒకటి దొరికితే కోటేశ్వరరావు దాన్ని తన సంచిలో వేసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, "చూశావా, ఏమన్నా అయిందా?" అన్నాడు.

ఆ రాత్రి నాకు మామూలుగానే నిద్రపట్టింది. తర్వాత ఆలోచిస్తే నన్ను భయపెట్టింది అదే.

అలాంటివి మరో నాలుగైదు జరిగాయి. ఒక దశలో నాకు పదకొండు వినపడటమే మానేసింది. నేను అబద్ధం చెప్పడం లేదు. అతను పన్నెండు అంటే నా చెవికి నిజంగానే పన్నెండు మోతలు వినపడేవి. మోతలు జరుగుతున్నంతసేపూ నేను గుంత వైపు చూడటం మానేసి అతని పెదవులు చూస్తున్నానని గమనించిన రోజున, చొక్కా దుమ్ము దులుపుకుంటున్నట్టు తల తిప్పుకున్నాను. మర్నాడు మళ్లీ అక్కడే కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం

మే నెల. పన్నెండు బెజ్జాలు. బయట లారీలు రోడ్డు దాకా ఉన్నాయి. వత్తులు అంటించి వచ్చి కూర్చోగానే కోటేశ్వరరావు ఫోను మోగింది. బంధువుల పెళ్లి సంగతి. ఒక చెవికి ఫోను, రెండో చెవికి అరచెయ్యి పెట్టుకుని, ఎన్ని రకాల స్వీట్లు పెట్టాలో మాట్లాడుతున్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి గానీ అంకెలు కాదు.

అలా కొన్నేళ్ల తర్వాత నేను మళ్లీ సొంతంగా లెక్కపెట్టాల్సి వచ్చింది. పదకొండు వచ్చింది. కాసేపు ఆగాను. ఇంకేమీ రాలేదు.

అతను ఫోను కట్టేసి, గుంతలో లేస్తున్న దుమ్ము చూసి, "పన్నెండు," అన్నాడు.

అసలు వినలేదు. ఒక్కటి కూడా లెక్కపెట్టలేదు. ఎన్నో ఏళ్లుగా అతను ఇలాగే పన్నెండు అంటున్నాడేమో, నేను ఇలాగే వింటున్నానేమో అని ఆ క్షణాన తట్టింది.

అప్పటికే ఏసోబు రాయి తొలిచే జాక్‌హామర్ భుజాన వేసుకుని షెల్టర్ ముందుకొచ్చాడు. నెలల తర్వాత నాతో మాట్లాడటం అదే.

"పదకొండే వచ్చినై సార్."

డ్రిల్లర్లు కూడా తమలో తాము లెక్కపెట్టుకుంటారు. దిగేది వాళ్లు కదా. కోటేశ్వరరావుకి కోపం రాలేదు. అతనికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏరా ఏసోబూ, నీకు లెక్కలు ఎప్పుడొచ్చినై? ఈయన లెక్కల్లో డిగ్రీ చదివాడు. నన్నెందుకు, ఈయన్నే అడుగు."

ఏసోబు నా వైపు తిరిగాడు. అతని కళ్లలో అనుమానం లేదు. నా మీద కోపం ఉన్నా, నా అంకె మీద నమ్మకం ఉంది.

"మీరు చెప్పండి సార్. మీరు పన్నెండంటే దిగుతా."

ఒక్క మాట చాలు. పదకొండు అంటే అరగంట ఆగుతాం. లారీలు ఆగుతాయి. మేనేజరు మెడ గోక్కుంటాడు. కోటేశ్వరరావు నావైపు చూస్తాడు, అంతే. ఏమీ అనడు కూడా. ఆ చూపు ఒక్కటి తప్పించుకోవడానికి నేను ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టాను. దీన్ని ఇంకే రకంగానూ చెప్పలేను.

"పన్నెండే. దిగు," అన్నాను.

ఏసోబు సరేనని తలూపి దిగాడు.

కోటేశ్వరరావు సీసా మూత తీసి మజ్జిగ నాకు అందించాడు. తీసుకున్నాను. దుమ్ము అణిగేకొద్దీ గుంత అడుగు కనపడసాగింది. వరసంతా పగిలి కుప్పలు పడింది గానీ ఎడమ పక్క ఒకచోట మాత్రం రాయి మంచమంత మేర మొండిగా నిలబడి ఉంది. పేలిన రాయి అలా నిలబడదు. పేలనిచోటే నిలబడుతుంది. అలా నిలబడిన రాయినే డ్రిల్లర్ మళ్లీ తొలవాలి. అంటే ఏసోబు ఆ రోజు ఎక్కడికి వెళ్లినా చివరికి వెళ్లేది అక్కడికే.

"అక్కడ రాయి గట్టి బావా," అన్నాడు కోటేశ్వరరావు, నేను ఎటు చూస్తున్నానో గమనించి.

జాక్‌హామర్‌కి గాలి పంపే కంప్రెసర్ మొదలైంది. ఏసోబు ముందు కుడివైపు పెద్ద బండ ఒకటి తొలిచాడు. నేను మజ్జిగ తాగుతున్నాను. నిజంగానే రెండు కలిసి పోయాయేమో అనుకున్నాను. ఫోన్ మాటల్లో పడి నేనే ఒకటి వదిలేశానేమో అనుకున్నాను. బుర్ర ఉన్న మనిషికి సాకులు దొరకడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. డిగ్రీ లేకపోతే రెండు సాకులు తక్కువ దొరికేవి.

ఏసోబు రెండో బండ ముగించాడు. గొట్టం లాక్కుంటూ ఎడమకి నడిచాడు. మొండిరాయి దగ్గర ఆగి, అరచేత్తో తట్టాడు. చెవి రాతి దగ్గరికి వంచాడు. మళ్లీ తట్టాడు. పైకి, మా షెల్టర్ వైపు ఒకసారి చూశాడు. తర్వాత జాక్‌హామర్ ఎత్తి రాతి మీద ఆనించాడు.

నేను లేచాను. కోటేశ్వరరావు నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు. నాడి చూసే డాక్టరు పట్టుకున్నట్టు.

"ఇప్పుడు ఆపితే ఇందాక అబద్ధం చెప్పినట్టు అవుద్ది బావా. కూర్చో."

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఇందాక నేను అబద్ధం చెప్పాను. నా చెయ్యి విడిపించుకోవడానికి బలమేమీ అక్కర్లేకపోయింది. లాగితే వచ్చేసింది. ఇన్నేళ్లూ అది అలాగే వచ్చేదన్నమాట. కంప్రెసర్ దాకా పరిగెత్తి దాన్ని ఆపేశాను.

నిశ్శబ్దం గుంతలోకి దిగింది. ఏసోబు తలెత్తాడు.

"పదకొండే, ఏసోబూ. అన్నీ అక్కడే వదిలేసి పైకి రా," అన్నాను.

అతను జాక్‌హామర్‌ని విసరలేదు, వదిలెయ్యలేదు. పసిబిడ్డని పడుకోబెట్టినట్టు నెమ్మదిగా పక్కన దించి, అడుగులో అడుగు వేసుకుంటూ పైకొచ్చాడు. అంతసేపూ నేను అతని కాళ్లనే చూస్తున్నాను.

అరగంటకి నేనూ కోటేశ్వరరావూ దిగాం. మొండిరాయి మీద దుమ్ము ఊదితే బెజ్జం కనపడింది. వత్తి సగం కాలి ఆరిపోయి ఉంది. మందు మందులాగే ఉంది. అక్కడికి జానెడు దూరంలో ఏసోబు డ్రిల్లు కొరికిన కొత్త గుంట, వేలు పట్టేంత లోతు.

పైకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏసోబు విన్నాడు.

"ఇందాక పన్నెండన్నారే సార్."

అతను కండువా దులుపుకుని, బస్సుకి వెళ్లిపోయాడు.

కాగితం

ఆఫీసు గదిలో కోటేశ్వరరావు నా ఎదురుగా కూర్చున్నాడు. రిపోర్టు రాయొద్దన్నాడు. బతికున్న బెజ్జాన్ని పద్ధతి ప్రకారం పేల్చేశాం, ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏసోబుకి తను నచ్చజెబుతానన్నాడు. నేను కలం మూత తీశాను. అప్పుడు అతను బీరువా పక్కనున్న తన సంచిలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ల చీటీలు. ప్రతిదాని మీదా నా సంతకం.

"ఇయ్యన్నీ నీయే బావా. నువ్వు రాస్తే నేనొక్కణ్ణే పోను."

బెదిరించినట్టు లేదు. వాన వస్తుందేమో గొడుగు తీసుకెళ్లమన్నట్టు ఉంది. నేను రాయడం మొదలుపెట్టబోతుంటే ఇంకో మాట అడిగాడు.

"పాపకిప్పుడు ఎన్నేళ్లు?"

"అయిదు," అన్నాను. అతనిచ్చిన రక్తం గురించి అతనేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా అడగడం అతనికి తెలుసు.

పదకొండు మోతలు విన్నాననీ, పన్నెండని చెప్పాననీ, తెలిసే చెప్పాననీ రాశాను. ఆ కట్టలోని చీటీల్లో నేను లెక్కపెట్టినవి ఏవో, పెట్టనివి ఏవో నాకే తెలియదనీ రాశాను. మేనేజరు అది చదివి, ఇంకాస్త క్లుప్తంగా రాయలేవా అని అడిగాడు. చివరి రెండు వాక్యాలూ తీసేస్తే క్లుప్తంగా ఉంటుందని ఆయన ఉద్దేశం. నేను తీయలేదు.

నా సర్టిఫికెట్ ఆరు నెలలు ఆపేశారు. తక్కువే. కోటేశ్వరరావు విచారణ పూర్తయ్యేలోపే మానేసి వేరే క్వారీలో చేరాడు. ఆ రోజుల్లో బ్లాస్టర్లకి కరువు, ఎవరూ ఏమీ అడగలేదు. మా క్వారీలో మాత్రం అన్నం పెట్టిన చేతిని కరిచానని నాతో చాలామంది మాట్లాడటం మానేశారు. వాళ్లకి అతను అందరి కాన్పులకీ కారు తెచ్చిన మనిషి.

అతను ఏసోబు చావాలని ఎన్నడూ కోరుకోలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరి మొహమూ చిన్నబోకూడదు, అంతే అతనికి కావలసింది. అలాంటివాళ్లు అందరికీ ఇష్టమౌతారు. నాకు ఇప్పటికీ ఇష్టమే. భయం కూడా.

నా రెండో తప్పు

కొన్ని నెలలకి పిడుగురాళ్ల బస్టాండులో అతన్ని చూశాను. పక్కన కొత్త క్వారీ మేట్ కాబోలు, ముప్పై ఏళ్ల మనిషి. అతని భుజం మీద చెయ్యి వేసి "బావా" అని ఏదో చెబుతున్నాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. నేను నా బస్సెక్కి కూర్చున్నాను. దిగి ఆ మేట్‌తో ఒక్క మాట చెప్పడానికి నాకు వారం పట్టింది. వారం తర్వాత ఆ క్వారీకే వెళ్లి, పక్కకి పిలిచి, చెప్పాను.

అతను మర్యాదగా విన్నాడు. "మీరొస్తారని అన్న ముందే చెప్పాడండీ. మీకు ఒంట్లో బాగుండటం లేదంట గదా, జాగ్రత్త," అన్నాడు.

నేను వారం ఆలస్యమయ్యాను. కోటేశ్వరరావు ఎప్పుడూ ఆలస్యమయ్యేవాడు కాదు. ఆ మేట్‌కి ఏమీ కాలేదని తర్వాత తెలిసింది. అందులో నా గొప్పా లేదు, అతని గొప్పా లేదు.

ఇప్పుడు వత్తులు పోయాయి. కొత్తరకం డిటోనేటర్లతో వరసంతా ఒక్క ఉరుములా వెళ్లిపోతుంది. లెక్కపెట్టడానికేమీ లేదు, ఈయన పాత సంగతులు చెబుతున్నాడని మీరనుకోవచ్చు. మీ చేతికి ఇప్పుడు చెక్‌లిస్టు ఇస్తారు, కింద రెండు సంతకాల చోటుంటుంది. రెండో సంతకం మొదటిదాన్ని చూసి పెట్టేదైతే అది ఒకటే సంతకం. పక్కన ఎవరూ లేనప్పుడు మీరేం చూశారో అది రాయండి. మీకు బాగా ఇష్టమైన మనిషితో కలిసి పనిచేసేటప్పుడు ఇంకాస్త దూరంగా నిలబడండి.

ఏసోబు

ఆరు నెలల తర్వాత వేరే క్వారీలో చేరాను. ఏడాది తిరక్కుండా ఏసోబు కూడా డ్రిల్లర్‌గా అక్కడికే వచ్చాడు. మేట్ ఎవరని అడిగి తెలుసుకుని, వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు.

మొదటిరోజు మోతలు ఆగాక నేరుగా నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు చెప్పకండి సార్. ముందు నేను చెప్తా." కాస్త ఆగి, "పది," అన్నాడు. "ఇప్పుడు మీరు చెప్పండి."

"పది," అన్నాను.

నా మొహంలోకి చూసి, దిగాడు. ఆ రోజు నుంచి అదే పద్ధతి. దిగేవాడు ముందు చెప్పాలి, సంతకం పెట్టేవాడు తర్వాత. నేను ఆ క్వారీలో అందరికీ అదే పెట్టాను. ఏసోబు మాత్రం ఒక్కరోజు కూడా దాన్ని వదల్లేదు. వాళ్లమ్మాయి పెళ్లికి కారంపూడి వెళ్లి కడుపునిండా తిని వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ చెయ్యి అడ్డం పెట్టాడు. నన్ను నమ్మమని నేనూ అడగలేదు.

నాలుగో ఏట ఒకరోజు అతను పన్నెండన్నాడు. నాకు పదకొండే వచ్చింది. అదే చెప్పాను. బ్లాస్టర్ కూడా పన్నెండే అన్నాడు. లారీలు హారన్లు కొడుతున్నాయి. నేను పదకొండు మీదే ఉన్నాను.

అందరం ఎండలో అరగంట కూర్చున్నాం. ఏసోబు నా పక్కన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నేనూ బ్లాస్టరూ దిగి ప్రతి బెజ్జం వెతికాం. పన్నెండూ పేలాయి. ఏవో రెండు దాదాపు కలిసి పోయాయి, ఈసారి నిజంగానే, నా చెవికి ఒకటిగా వినపడ్డాయి.

పైకొచ్చి, నాదే తప్పు లెక్క అని చెప్పాను. లారీ డ్రైవర్లు అన్నవి ఇక్కడ రాయను. ఏసోబు లేచి, ప్యాంటు దుమ్ము దులుపుకుని, జాక్‌హామర్ భుజానికెత్తుకున్నాడు.

"తప్పే సార్. కాకపోతే ఈ తప్పు మీ సొంతం," అని గుంతలోకి దిగాడు.